ఖాతాలో పడని రైతు భరోసా మీద అప్పు చేయకండి

ప్రశ్న: మాది జనగామ జిల్లా. నాన్న పేరున ఆరెకరాలుంది, వరి, పత్తి వేస్తాం. రైతుబంధు (ఇప్పటి రైతు భరోసా, తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం) డబ్బు ఎలాగూ పడుతుంది కదా అని 2024 వానాకాలంలో మూడు రూపాయల మిత్తికి లక్ష తెచ్చాం. ఆ సీజన్‌లో డబ్బు రాలేదు, యాసంగిలోనూ మాకు పడలేదు. 2025 జూన్‌లో 36,000 పడితే మిత్తి కింద ఇచ్చేశాం. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ కోసం అదే షావుకారి దగ్గర ఇంకో లక్షన్నర తీసుకుని, రైతు భరోసాతో కట్టేద్దామని నాన్న (58) అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు ఏడాదికి 36,000. మీ ఆరెకరాలకు ఒక సీజన్ రైతు భరోసా కూడా సరిగ్గా 36,000. మీ నాన్నకు వచ్చిన పెట్టుబడి సాయం ఒక్క బస్తా యూరియా కూడా కొనకుండానే షావుకారి చేతికి పోయింది. అసలు లక్ష అలాగే ఉంది. దాని మీద ఇంకో లక్షన్నర ఎక్కితే ఏడాదికి వడ్డీయే 90,000. రెండు సీజన్ల సాయం వేళకు పడ్డా 72,000 దాటదు. మరి ఏం పెట్టి కడతారు?

నాకు రాసే రైతు కుటుంబాలు చాలా వాటిలో ఇదే పొరపాటు. ప్రభుత్వ సాయాన్ని ఒకటో తారీఖు జీతంలా లెక్కేసుకుంటున్నారు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరాకు 4,000, తర్వాత 5,000, 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో 6,000. ఎన్నికల్లో ఏడాదికి 15,000 అన్నారు, ఇస్తున్నది 12,000. మధ్యలో ఒక వానాకాలం పూర్తిగా పోయింది, ఆ తర్వాతి యాసంగిలో నాలుగెకరాల వరకు ఉన్నవాళ్ల దగ్గరే ఆగింది. అదీ నాట్లు పడ్డాక వచ్చింది. మృగశిర కార్తె మాత్రం ఎవరి ఖాతా కోసమూ ఆగదు.

కాబట్టి పడిన డబ్బును ఆ సీజన్‌లో ముట్టుకోకండి. అది వచ్చే పంటకు. మీ అమ్మ పేరున వేరే ఖాతా తెరవండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి. రైతు భరోసా, పీఎం కిసాన్ 2,000 విడతలు పడగానే అందులోకి మార్చేయండి. రెండు సీజన్లు ఇలా ముట్టుకోకుండా దాచితే రైతు భరోసాయే 72,000 చేతిలో ఉంటుంది. అప్పుడు ప్రభుత్వం ఒక సీజన్ ఎగ్గొట్టినా, గులాబీ పురుగు పత్తిని తినేసినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా షావుకారి గడప ఎక్కాల్సిన పని ఉండదు. టెన్షన్ లేకుండా విత్తనాలు కొనగలగడం కన్నా మీ ఇంటికి ఇప్పుడు ముఖ్యమైనది లేదు.

పాత లక్ష సంగతి: ఈసారి పెట్టుబడికి బ్యాంకులో పంట రుణం తీసుకోండి. మీ ఉత్తరంలో దాని మాటే లేదు! వేళకు కడితే లక్షకు ఏడాదికి 4,000 వడ్డీ. పత్తి అమ్మిన డబ్బుతో షావుకారి అసలు తీర్చండి. ఎరువుల షాపులో ఉద్దెర కూడా మానండి, వడ్డీ ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

ఇంకొకటి. రైతు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు ఇచ్చే రైతు బీమా 59 ఏళ్ల వరకే. మీ నాన్నకు ఆ ఐదు లక్షల రక్షణ త్వరలో పోతుంది, భూమి మీ పేరున లేదు కాబట్టి మీకు అది వర్తించదు. మీ పేరున ఒక టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకోండి.

ట్రాక్టర్ ఈ ఏడాది కిరాయికే పిలవండి. షావుకారి నుంచి ప్రామిసరీ నోటు వెనక్కి తెచ్చుకున్నాక, అమ్మ ఖాతాలో ఎంత ఉందో రాస్తూ మళ్లీ అడగండి.