టెంప్టేషన్‌కి తెలుగు

గుంటూరు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

కథ చదివాను. బీసెంట్ రోడ్డులో మిఠాయి కొట్టు ముందు షుగరున్న పెద్దాయన పూతరేకుల వంక చూస్తూ నిలబడటం బాగుంది. "ఆయన ప్రలోభానికి గురయ్యాడు" అన్నచోట మాత్రం కథ చతికిలబడింది. టెంప్టేషన్‌కి నిఘంటువు ఇచ్చే మాట అదే, కాదనను. కానీ ప్రలోభం అనగానే మనవాళ్లకి ఎన్నికలు, పంచే డబ్బు గుర్తొస్తాయి. అందులో పెట్టేవాడు ఒకడుండాలి. పూతరేకు ప్రలోభపెట్టదయ్యా, ఊరిస్తుంది. "నోట్లో నీళ్లూరాయి, చెయ్యి జేబులోకి పోయింది" అని రాసి చూడు.

ప్రలోభం తీసేసి శోధన అని పెట్టేవు, వద్దు. "మమ్మును శోధనలోకి తేక" అని ప్రార్థనలో వినే పాఠకులు మన జిల్లాలో బోలెడుమంది. ఆ మాట అక్కడ బాగా కుదిరింది కూడా. టెంప్టేషన్‌కి మూలమైన లాటిన్ క్రియకి తడిమి చూడటం, పరీక్షించడం అనే అర్థాలున్నాయి. చర్చి నుంచి వస్తున్న పాత్ర నోట శోధన పండుతుంది. మిఠాయి కొట్టు దగ్గర నవ్వొస్తుంది.

అసలు చిక్కు క్రియతో. ఇంగ్లీషువాడు "ఐ వాజ్ టెంప్టెడ్ టు బై ఇట్" అంటే కొనాలనిపించిందని మాత్రమే. చాలాసార్లు కొనలేదనే లెక్క. మనం "టెంప్టయ్యాను" అన్నామంటే సంచి అప్పటికే చేతిలో ఉంటుంది! "టెంప్టయి కొనేశా" అనేగా అంటాం? అందుకే అనువాదంలో ఆ వాక్యాన్ని "కొందామని మనసు లాగింది" దగ్గర ఆపాలి. పడిపోయాడా లేదా అన్నది ఇంగ్లీషులో పక్కనున్న క్రియ చెబుతుంది: రెసిస్ట్ అంటే తమాయించుకున్నాడు, గివ్ ఇన్ అంటే లొంగిపోయాడు. ఆ రెండో క్రియ వచ్చేదాకా నువ్వు తొందరపడి తేల్చేయకు.

కక్కుర్తి, చాపల్యం వాడేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త. "కక్కుర్తి పడ్డాడు" అన్నావంటే ఆ మనిషిని నువ్వే బోనెక్కించి శిక్ష కూడా వేసేసినట్టు. ఆ మాట ఆయన భార్య అంటే చెల్లుతుంది, కథకుడు అనకూడదు.

మూడో పేజీలో కాంట్రాక్టరు బల్ల కింద నుంచి కవరు జరిపే చోట ప్రలోభం అలాగే ఉంచు. అక్కడ పెట్టేవాడున్నాడు.

ఇట్లు,
మీ అన్నయ్య