వాటర్ కలర్ వేస్తే కాగితం ఉబ్బుతోందా?
డ్రాయింగ్ బుక్ కాగితం పల్చన. తడి తగిలినచోట సాగుతుంది, మిగతాచోట సాగదు. అందుకే కాగితం మీద అలలు లేవడం, గుంటల్లో రంగు నిలవడం. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితానికి ఇంత బాధ ఉండదు. అది దొరికేదాకా ఇలా చేయండి:

1. కాగితాన్ని రెండువైపులా స్పాంజితో తడిపి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి.
2. చెక్క పలక మీద పరిచి, నాలుగు అంచులనూ మైదా జిగురుతో అంటించండి. మాస్కింగ్ టేపు తడి కాగితానికి అంటదు.
3. పలకను పడుకోబెట్టి రాత్రంతా ఆరనివ్వండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మొదట ఇంకా ఉబ్బినట్టు కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు. ఆరేకొద్దీ డప్పులా బిగుస్తుంది. తాకితే చల్లగా ఉందంటే తడి పోనట్టే, రంగు ముట్టకండి.
4. బొమ్మ వేశాక, అదీ పూర్తిగా ఆరాకే అంచులు బ్లేడుతో కోయండి.