ఇంట్లో కంప్యూటర్‌కి ఉచిత ఓపెన్ సోర్స్ వీడియో ఎడిటర్ ఏది మంచిది?

ఫోన్‌లో తీసిన ఫంక్షన్ వీడియోలను 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో కట్ చేసి కలపడానికైతే కేడెన్‌లైవ్ పెట్టుకోండి. 2002లో మొదలైన ప్రాజెక్టు ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. వాటర్‌మార్కు పడదు, ట్రయల్ గడువన్న మాటే లేదు.

నాకు ఇందులో బాగా నచ్చేది ప్రాక్సీ క్లిప్పులు. 4కే వీడియో టైమ్‌లైన్ మీద ఆగి ఆగి ఆడుతుంటే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చేయండి. అలాంటి పెద్ద క్లిప్పులకు తక్కువ రిజల్యూషన్‌లో ఒక్కో కాపీ తయారవుతుంది, కటింగ్ అంతా దాని మీదే. రెండర్ (చివరి వీడియో ఫైల్ తయారీ) మాత్రం మామూలుగా అసలు ఫైల్ నుంచే జరుగుతుంది కాబట్టి క్వాలిటీ పోతుందన్న టెన్షన్ అక్కర్లేదు.

కేడెన్‌లైవ్ స్క్రీన్ మీది ఇన్ని ప్యానెళ్లు గందరగోళంగా అనిపిస్తే షాట్‌కట్ చూడండి. అందులోనూ ప్రాక్సీ ఉంది, లోపల వీడియో పని చేసిపెట్టేది కూడా కేడెన్‌లైవ్‌లో ఉన్న ఎంఎల్‌టీ ఇంజినే. ఏదైనా సరే, అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి.