పడవకు రేడియో, యాంటెన్నా

ప్రశ్న: నాగార్జునసాగర్ జలాశయంలో మాకు 18 అడుగుల మోటారు పడవ ఉంది. 25 వాట్ల వీహెచ్ఎఫ్ రేడియో (పడవల్లో వాడే, మాట్లాడే వైర్‌లెస్ సెట్టు) కొంటే ఒడ్డున ఉన్న తమ్ముడితో ఎంత దూరం నుంచైనా మాట్లాడవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: వాట్ల కంటే యాంటెన్నా ఎత్తే ముఖ్యమండీ. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినట్టే నేరుగా సాగుతాయి కాబట్టి, రెండు యాంటెన్నాలూ నీటికి 4 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 16 కిలోమీటర్లు, ఒక్కో మీటరు ఎత్తునే ఉంటే అందులో సగమే అందుతుంది. నల్లమల కొండ అడ్డువస్తే అదీ దక్కదు. ఊగే చిన్న పడవకు మీటరు పొడవున్న 3 డెసిబెల్ (తరంగాలను ఎంతగా కూడదీసి పంపుతుందో చెప్పే కొలత) యాంటెన్నాయే మేలు, ఎందుకంటే పొడవాటిది తరంగాలను సన్నని పట్టీగా పంపుతుంది, పడవ ఒరిగితే ఆ పట్టీ నీటిలోకో ఆకాశంలోకో పోతుంది.

కేబుల్ కొన దగ్గర ప్రత్యేక శ్రద్ధ పెట్టండి: లోపలి రాగి తీగ పచ్చబారి ఉంటే, చెడిన భాగం కోసి, కొత్త కనెక్టరును టంకంతో అతికి, నీరు చొరకుండా టేపు చుట్టాలి. రేడియోకు బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో విడి తీగ వేయండి. కొనేముందు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ లైసెన్సు సంగతి తప్పక విచారించండి. 16వ ఛానెల్ ఆపద పిలుపులకు కేటాయించినదే గానీ, మీ జలాశయంలో దాన్ని ఎవరైనా వింటున్నారో లేదో ముందే తెలుసుకోండి.