ఎండాకాలం చెరువు ఇగిరి నీళ్లు ఉప్పగా మారితే బొచ్చె, రాగండి చేపలు బతుకుతాయా?

బతుకుతాయి, కాకపోతే ఉప్పు మెల్లగా పెరగాలి, అదీ ఒక హద్దు దాటకూడదు. చేప రక్తంలో లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పుకు సమానమైన లవణాలుంటాయి. మంచినీటి చెరువులో మామూలుగా 1 గ్రాము కూడా ఉండదు. అందుకే మొప్పల గుండా నీళ్లు ఒంట్లోకి చొరబడుతూనే ఉంటాయి, లవణాలు బయటికి జారిపోతుంటాయి. మూత్రపిండాలు ఆ నీటిని పలచటి మూత్రంగా తోడేస్తాయి. మొప్పల్లోని ప్రత్యేక కణాలు నీళ్లలోంచి లవణాలను లాక్కుంటాయి. బయట ఉప్పు పెరిగితే ఈ రెండు పనులూ తగ్గుతాయి. హార్మోన్లు నడిపే ఈ సర్దుబాటు పూర్తిగా కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

అనంతపురం వైపు ఒక చెరువులో, కాస్త ఎక్కువే అనుకుని, లీటరుకు 1 గ్రాము ఉప్పుందనుకుందాం. ఎండకు నీళ్లు సగానికి ఇగిరితే అది 2 గ్రాములవుతుంది. రక్తంకన్నా ఇంకా తక్కువే కాబట్టి చేప నెట్టుకొస్తుంది. రక్తం స్థాయిని దాటితేనే అసలు చిక్కు: ఒంట్లో నీళ్లే బయటికి పోతాయి. అప్పుడు నీళ్లు తాగి, మిగులు ఉప్పును మొప్పల నుంచి వెళ్లగొట్టాలి. తిలాపియాకు అది చేతనవును. బొచ్చె, రాగండికి మాత్రం ఎంత మెల్లగా అలవాటు చేసినా సముద్రపు ఉప్పు పడదు.

మే నెలలో తెల్లవారేసరికి చేపలు చచ్చి తేలితే "ఉప్పెక్కువైంది" అనేస్తారు. చాలాసార్లు కారణం ఆక్సిజన్ చాలకపోవడం. వేడి నీళ్లలో అది తక్కువ కరుగుతుంది, పైగా రాత్రంతా నాచు కూడా దాన్నే వాడుకుంటుంది.