చెవిలో మాటలు తగ్గాక కూడా తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండు

అమ్మలూ,

తమ్ముడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడని, చెవిలో వినపడే మాటలు తగ్గాయని చదివి మనసు కుదుటపడింది. కానీ మానసిక వార్డులో ఇన్నేళ్లు నర్సుగా చేసినదాన్ని కదా, ఒకటి చెప్పకుండా ఉండలేను. గండం గడిచిందని అప్పుడే అనుకోకు. సైకోసిస్, అంటే లేని గొంతులు వినపడటం, లేనిది ఉందని నమ్మడం లాంటి జబ్బు వచ్చినవాళ్లకి ఆత్మహత్య ముప్పు బాగా ఎక్కువగా ఉండేది చికిత్స మొదలైన తొలి ఏడాదిలోనే. అందులోనూ ఇంటికొచ్చిన మొదటి కొద్ది వారాలు.

భ్రమలు విడిపోయాక వాడికి కనిపించేవి ఏమిటో ఆలోచించు. ఆగిపోయిన చదువు, దూరం జరిగిన స్నేహితులు, ఆ రోజుల్లో తను అన్న మాటలు. జబ్బుందని తెలుసుకోవడం మంచిదే, కానీ 'ఇక నా బతుకింతే' అనిపిస్తే ఆ తెలివిడే కుంగదీస్తుంది. బాగా కోలుకున్నాడని మేమంతా మురిసిపోయిన ఒక కుర్రాడు, ఇంటికెళ్లిన కొన్నాళ్లకే చనిపోవాలని ప్రయత్నించి మళ్లీ మా వార్డుకొచ్చాడు. అదృష్టం, బతికాడు. "నన్నెవరూ అడగలేదు సిస్టర్" అన్నాడు. ఆ మాట నన్నింకా వదల్లేదు.

అందుకే నువ్వు అడుగు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగానే అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని మీ అమ్మ భయపడుతుంది, అలా జరగదు. ఆ గొంతులు చచ్చిపొమ్మని చెబుతున్నాయేమో కూడా అడుగు. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు, అది కుదరకపోతే ఎమర్జెన్సీకి. మాత్రలు నీ దగ్గరే ఉంచుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వు.

కూర్చోలేక, పడుకోలేక, కాళ్లు ఆడిస్తూ గదంతా తిరుగుతున్నాడా? అది జబ్బు ముదరడమే కానక్కర్లేదు. మందు వల్ల వచ్చే అకతీసియా, అంటే కుదురుగా ఉండనివ్వని దుష్ప్రభావం కావచ్చు. లోపల అది భరించలేనంత టెన్షన్ పెడుతుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. వెంటనే డాక్టర్‌కి చెప్పు, మోతాదు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

మద్యం, గంజాయి దగ్గరికి రానివ్వకు. వాడిది స్కిజోఫ్రీనియా, అంటే సైకోసిస్ ఎక్కువకాలం ఉండే జబ్బు అని తేలి, చావు ఆలోచనలు మళ్లీ మళ్లీ వస్తుంటే క్లోజపిన్ అనే మందు గురించి డాక్టర్‌ని అడుగు. అలాంటివాళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాలు తగ్గించడానికి అమెరికాలో 2002లోనే దానికి అనుమతిచ్చారు. అది వాడితే క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించాలి.

ఆదివారం ఫోన్ చేస్తాను. వాడితో వేరుగా, నీతో వేరుగా మాట్లాడాలి. రాత్రిళ్లు నువ్వెంతసేపు పడుకుంటున్నావో కూడా దాచకుండా చెప్పాలి నాకు.

నీ పెద్దమ్మ