తలకు దెబ్బ తగిలిన దగ్గర్నుంచి మావారికి ఒకటే కోపం!

ప్రశ్న: మాది కర్నూలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మావారికి 34 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట బైక్ జారి తలకు దెబ్బ తగిలింది, కాసేపు స్పృహ తప్పింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఫిట్స్ రాకుండా ఇచ్చిన మాత్ర ఇంకా వేసుకుంటున్నారు. గొంతు పెంచడమే ఎరగని మనిషి ఇప్పుడు చిన్న మాటకే ఊగిపోతున్నారు. మొన్న కుక్కర్ మూత విసిరారు. పాప మంచం కిందికి దూరింది. ‘నా మెదడులో కనెక్షన్లు తెగిపోయాయి, నేనేం చేయను’ అంటున్నారు. నిజమేనా? వేరే స్కాన్‌లో తెలుస్తుందా?
– ఓ సోదరి

జవాబు: అమ్మా, ఆయన మాటలో సగం నిజముంది. భయాన్నీ కోపాన్నీ రేపే అమిగ్డాలా బాదంగింజంత ఉంటుంది. దానికి పగ్గం వేసేది నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఈ రెంటినీ కలిపే నరాల పోగులు తల అదిరినప్పుడు సాగి దెబ్బతినవచ్చు. రక్తం గడ్డకట్టినా, ఎముక విరిగినా సీటీ పట్టేస్తుంది. ఈ సన్నటి గాయం మాత్రం చాలాసార్లు అందులో కనపడదు.

హింసకు దిగేవారిలో ఈ బంధం బలహీనంగా ఉన్నట్టు కొన్ని పరిశోధనల్లో తేలింది. అయితే అది ఎందరినో కలిపి చూసిన సగటు తేడా. ‘ఈయన చెయ్యి చేసుకుంటాడు’ అని ఒక్కరి స్కాన్ చూసి ఏ డాక్టరూ చెప్పలేరు. అందుకోసమని డబ్బు పోయకండి.

మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ మాత్ర మీదే నా అనుమానం. చీటీ తీసి పేరు చూడండి. లెవెటిరాసెటమ్ అయితే, కొందరికి చిరాకు, దూకుడు తెచ్చిపెట్టే మందే అది. అసలు ఫిట్సే రానివారికి సాధారణంగా ఇన్ని నెలలు అక్కర్లేదు కూడా. అలాగని మీ అంతట మీరు ఆపకండి, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. రాసిన డాక్టరునే ఈ వారమే కలవండి. మద్యం అలవాటుంటే పూర్తిగా మానాలి, ఉన్న కాస్త పగ్గాన్నీ అది వదులు చేస్తుంది.

‘నేనేం చేయను’ అన్న మాట మాత్రం ఒప్పుకోను. మందులు, కౌన్సెలింగ్, కోపం పొంగే ముందే గుర్తుపట్టే సాధనతో చాలామంది కుదుటపడతారు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌ (మెదడు, మానసిక జబ్బులకు చూసే కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి)లో న్యూరాలజీ, సైకియాట్రీ రెండూ ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆయన ఊగిపోతున్నప్పుడు వాదనకు దిగకుండా పాపను తీసుకుని బయటికి వచ్చేయండి. చెయ్యెత్తితే అత్యవసర నంబరు 112కు గానీ మహిళల సహాయవాణి 181కు గానీ ఫోన్ చేయండి. జబ్బు మనిషి కదా అని వెనకాడకండి. కోపం ఎప్పుడొచ్చింది, ముందురాత్రి నిద్రపోయారా, మాత్ర వేసుకుని ఎంతసేపైంది, ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. వెళ్లేటప్పుడు అదీ, డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లండి.